సంపాదన మానవచ్చు, పని మానవద్దు



ఉద్యోగస్తులకు పదవీ విరమణ వయసు అంటూ ఒకటి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు 2021 నుండి అది 61 సంవత్సరాలు. రైతుకు అలాంటి వయసు ఏదీ లేదు. కాళ్లు చేతులు ఆడినంత కాలం పొద్దున్నే లేచి బాయికాడికి పోవడమే మన తాతముత్తాతల పద్ధతి. అయితే గత ఇరవై, ఇరవై అయిదు సంవత్సరాలలో చేవెళ్ల, మొయినాబాద్ మండలాలలో ఒక కొత్త రకం విరమణ వచ్చింది. రెండెకరాలో, మూడెకరాలో అమ్మిన రైతు నలభై అయిదేళ్లకే "దేవుడు చాలినంత ఇచ్చాడు, ఇక పని ఎందుకు?" అని ఇంటి దగ్గర కూర్చుంటున్నాడు. ప్లాట్ల వ్యాపారంలో నాలుగు డబ్బులు చేసుకున్నవారు, గదులు కట్టి అద్దెలకు ఇచ్చినవారు, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న ఉద్యోగులు కూడా ఇదే మాట అంటున్నారు.

ఇది తప్పా? కాదు. జీవితమంతా ఎండలో, బురదలో కష్టపడిన మనిషి కాస్త ముందుగా విశ్రాంతి కోరుకోవడం పాపమేమీ కాదు. అయితే విశ్రాంతి తీసుకునే ముందు మనలో చాలామంది ఒక్క లెక్కే వేసుకుంటున్నారు, అది డబ్బు లెక్క. అది కూడా సగమే వేస్తున్నారు. నిజానికి వేయవలసిన లెక్కలు మూడు: డబ్బు, శరీరం, పొద్దు. ఈ మూడింటి గురించి తెలుసుకుందాం.

మన ప్రాంతంలో ఏం మారింది?

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాత, వరదను ఆపడానికీ నగరానికి మంచినీళ్లు ఇవ్వడానికీ రెండు పెద్ద చెరువులు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ నీరు చెడిపోకుండా కాపాడటానికి 1996 మార్చి 8న 111వ నంబరు జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో పరిశ్రమలకూ పెద్ద భవనాలకూ అడ్డు పడింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు దాని కిందికే వచ్చాయి. అందువల్ల అక్కడ అపార్టుమెంట్లు రాలేదు గాని ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక బీజాపూర్ రోడ్డు పొడవునా భూమికి రెక్కలొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవో ఆ పాత ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు బేరాలు మరింత జోరందుకున్నాయి.

టమాట, క్యారెట్, ఆకుకూరలు, పూలు పండించి మెహిదీపట్నం రైతుబజారుకూ గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకూ తీసుకుపోయిన కుటుంబాలు ఇవి. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, బుట్టలు ఎత్తి, ఆటో ట్రాలీ మీద నగరానికి పోయి, పదింటికి తిరిగి వచ్చి మళ్లీ చేనులో దిగిన మనుషులు వీరు. అలాంటి మనిషికి ఒక్కసారిగా చేను లేకుండా పోయింది, బ్యాంకులో డబ్బు ఉంది. ఇది చిన్న మార్పు కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పొలం అమ్మిన రైతు విశ్రాంతి తీసుకుంటాడు. అదే పొలంలో కలుపు తీసి, పూలు కోసి కూలి తెచ్చుకున్న ఆడవాళ్లకు మాత్రం అది విశ్రాంతి కాదు, పని పోవడం. ఈ వ్యాసం చేతిలో డబ్బు ఉన్నవారి కోసం రాసినదే అయినా, పక్కింటి ఆ కూలి కుటుంబాన్ని కూడా మనసులో పెట్టుకుని చదవమని కోరుతున్నాము.

వాక్యంలో విరమణ

పని మానడం గురించి బైబిలు ఏమి చెబుతుంది? సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివరి భాగం చదవండి. ప్రత్యక్షపు గుడారంలో సేవ చేసే లేవీయులకు దేవుడే ఒక వయసు పెట్టాడు. 25 ఏళ్లకు సేవలో చేరాలి, 50 ఏళ్లకు ఆ బరువైన పని నుండి తప్పుకోవాలి. అయితే తప్పుకున్నవారిని ఇంటికి పోయి పడుకోమనలేదు. తమ సహోదరులకు తోడుగా ఉండి సహాయం చేయవచ్చునని చెప్పాడు. బరువు దింపాడు గాని మనిషిని పక్కన పెట్టలేదు.

లూకా సువార్త 12వ అధ్యాయంలో మరొకరు ఉన్నారు. పంట బాగా పండితే పాత కొట్లు విప్పి పెద్దవి కట్టించి, ఇక చాలా సంవత్సరాలు తిని తాగి సుఖపడదామని తనలో తాను అనుకున్న ధనవంతుడు. ఆ ఉపమానంలో అతడు ఎవరితోనూ మాట్లాడడు. తనతో తానే మాట్లాడుకుంటాడు. ధాన్యం లెక్క వేశాడు, ప్రాణం లెక్క వేయలేదు. ఈ ఇద్దరిలో మనం ఎవరి దారిలో ఉన్నామో ఆలోచించుకోవాలి.

మొదటి లెక్క: డబ్బు

చాలినంత డబ్బు సంపాదించి ముందుగా ఉద్యోగం మానేయాలన్న ఆలోచన ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. అమెరికాలో జో డొమింగెజ్ అనే ఆయన వాల్‌స్ట్రీట్‌లో పని చేసి, 1969లో 31 ఏళ్లకే ఉద్యోగం మానేశాడు. ఆ తర్వాత తక్కువ ఖర్చుతో బతుకుతూ, డబ్బును ఎలా వాడుకోవాలో ప్రజలకు నేర్పాడు. 1992లో విక్కీ రాబిన్‌తో కలిసి 'యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్' అనే పుస్తకం రాశాడు. ఆయన మానేసింది జీతాన్నే, పనిని కాదన్నది గమనించండి.

ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్నకు 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు ఒక లెక్క చెప్పాడు. మొదటి సంవత్సరం మొత్తం సొమ్ములో 4 శాతం మాత్రమే తీసుకుని, తర్వాత ప్రతి ఏడాదీ ధరలు పెరిగినంత మేరకు పెంచుకుంటూ పోతే ఆ డబ్బు 30 సంవత్సరాలు వస్తుందని అంచనా. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉండాలి. అది అమెరికా మార్కెట్ల లెక్క, అందులో షేర్లూ బాండ్లూ రెండూ ఉన్నాయి. పైగా 65 ఏళ్లకు మానేసేవారికి 30 ఏళ్లు చాలు. 45 ఏళ్లకు మానేసేవారికి 40 ఏళ్లు కావాలి. అందుచేత మనవాళ్లు కనీసం 33 రెట్లు అనుకోవడం మంచిది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కుటుంబానికి నెలకు 40,000 రూపాయల ఖర్చు అనుకోండి. ఏడాదికి 4,80,000. దానికి 33 రెట్లు అంటే సుమారు 1 కోటి 58 లక్షలు. ఇల్లు, కారు, పిల్లల పెళ్లిళ్లు, అన్నదమ్ముల వాటాలు అన్నీ పోగా మిగలవలసిన సొమ్ము ఇది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఖర్చు 12 ఏళ్లకు రెట్టింపవుతుంది. 45 ఏళ్లప్పుడు 40,000తో గడిచిన ఇల్లు 57 ఏళ్లకు 80,000, 69 ఏళ్లకు 1,60,000, 81 ఏళ్లకు 3,20,000 అడుగుతుంది. కోటి రూపాయలు చూసి కళ్లు తిరగడం సహజమే. అయితే ఆ కోటిని నలభై ఏళ్ల మీద పరచి చూడాలి.

డబ్బు విషయంలో మరికొన్ని జాగ్రత్తలు:

అంతా ఒకేచోట పెట్టవద్దు. బ్యాంకు మూతపడితే, ఒక బ్యాంకులో ఒక మనిషి పేరున వడ్డీతో కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరి నుండి ఇదే నియమం. 2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు కుప్పకూలినప్పుడూ, 2014 తర్వాత అగ్రిగోల్డ్ డిపాజిట్లు ఆగిపోయినప్పుడూ ఎంతమంది ఏడ్చారో మనకు తెలుసు. ఎక్కువ మిత్తి ఇస్తామన్నవాడిని ఎక్కువ అనుమానించండి.

భూమి మొత్తం అమ్మవద్దు. పట్టాదారు పాస్‌బుక్ ఉన్న 18 నుండి 59 ఏళ్ల రైతులకు 2018లో రైతు బీమా వచ్చింది. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే పథకం అది. ఆఖరి గుంట కూడా అమ్మితే పాస్‌బుక్‌తో పాటు ఆ అర్హతా పోతుంది. కొన్ని గుంటలైనా ఉంచుకుంటే బీమాకు ఆధారం ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, చేయడానికి పని ఉంటుంది.

ఆరోగ్య బీమా ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోండి. అర్హత గల కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆ అర్హత లేనివారు సొంతంగా పాలసీ తీసుకోవాలి. ముందే ఉన్న జబ్బులకు కొన్ని పాలసీలలో మూడేళ్ల వరకు ఆగవలసి రావచ్చు. కాబట్టి జబ్బు వచ్చాక చూద్దాం అనుకోవద్దు. షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయండి. దాస్తే అవసరమైనప్పుడు క్లెయిము తిరస్కరిస్తారు.

వీలునామా రాయండి. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వెళతాయి. పిల్లలు ఉంటే ముసలి తల్లికి వాటా రాదు. అమ్మకు ఏదైనా ఇవ్వాలనుకుంటే కాగితం మీద రాయవలసిందే. హిందూ కుటుంబాలకు చట్టం వేరు. అక్కడ తల్లికి వాటా ఉంది, 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురుకు కొడుకుతో సమాన హక్కు వచ్చింది.

బతికి ఉండగానే అంతా పిల్లల పేర రాసేవారికి ఒక హెచ్చరిక. తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే, 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద 60 ఏళ్లు దాటినవారు ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు.

రెండవ లెక్క: శరీరం

మనం అన్నం తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలే. చేనులో పని చేసే మనిషి కండరాలు రోజంతా ఆ చక్కెరను ఖర్చు చేస్తాయి. అందుకే అతడు మూడు పూటలా పళ్లెం నిండా అన్నం తిన్నా సరిపోయింది. పని ఆగిపోయింది గాని పళ్లెం అలాగే ఉంది. ఇప్పుడు ఆ చక్కెర ఎక్కడికి పోవాలి? కొంత రక్తంలో నిలుస్తుంది, కొంత కొవ్వుగా మారి పొట్ట చుట్టూ, కాలేయంలో చేరుతుంది. కొన్ని సంవత్సరాలలోనే షుగరు, బీపీ, గుండెజబ్బు వరుసగా వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇది పట్నం వాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ అందులో తేలింది.

ముందుగా పని మానేస్తే ఆయుష్షు తగ్గుతుందా అని కొందరు అడుగుతారు. అమెరికాలోని షెల్ చమురు కంపెనీ ఉద్యోగులపై చేసిన పరిశీలన 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 55 ఏళ్లకు విరమించినవారిలో మరణాలు 65 దాకా పని చేసినవారికన్నా ఎక్కువగా కనిపించాయి. 60కి విరమించినవారికీ 65కి విరమించినవారికీ మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరోగ్యం బాగాలేకనే కొందరు 55కు మానేసి ఉండవచ్చు కాబట్టి, విరమణే మనిషిని చంపుతుందని దీని అర్థం కాదు. ముందుగా విరమిస్తే ఆయుష్షు పెరుగుతుందన్న నమ్మకానికి మాత్రం ఇందులో ఆధారం దొరకలేదు.

మరి ఏమి చేయాలి?

వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవండి. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చాలు. వారంలో రెండు రోజులు బరువు పని, అంటే తవ్వడం, నీళ్లు మోయడం లాంటిది చేయండి. బీజాపూర్ రోడ్డు అంచున చీకట్లో నడవవద్దు. మర్రిచెట్ల నీడ బాగుంటుంది గాని ఆ రోడ్డు మీద వేగం ప్రమాదకరం. ఊరి లోపలి బాటలు, బడి మైదానం, పొలం గట్లు మంచివి. ఎక్కువసేపు కూర్చోకుండా అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి.

పని తగ్గితే అన్నం తగ్గించండి. పళ్లెంలో సగం కూరగాయలకు, పావు భాగం పప్పు లేదా గుడ్డుకు, పావు భాగం అన్నానికి లేదా జొన్నరొట్టెకు ఇవ్వండి. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి.

పని మానేసే నెలలోనే ఒకసారి పరీక్షలు చేయించుకోండి. పరగడుపు షుగరు 100 లోపు ఉండాలి. 100 నుండి 125 మధ్య ఉంటే షుగరు అంచున ఉన్నట్టు. 126 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మళ్లీ పరీక్ష చేయించి డాక్టరును కలవండి. బీపీ 140/90 లేదా అంతకు మించి ఉంటే మరోసారి చూపించుకోవాలి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు పని మానేసిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. శ్రమ మారితే మందు మోతాదు కూడా మార్చవలసి రావచ్చు. మీరే పెంచడం, మానడం చేయకండి.

మద్యం గురించి కూడా చెప్పాలి. చేతిలో డబ్బు, ఎదురుగా ఖాళీ పొద్దు, పక్కన స్నేహితులు, ఈ మూడూ కలిసిన చోట సీసా తెరుచుకుంటుంది. మొదట ఆదివారం సాయంత్రం, తర్వాత ప్రతి సాయంత్రం, తర్వాత మధ్యాహ్నం. కొద్దిగా అయితే మంచిదన్న మాట నమ్మకండి. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్సు రావచ్చు. అందుచేత డాక్టరు సలహాతో మానాలి.

మూడవ లెక్క: పొద్దు

ఇది ఎవరూ వేయని లెక్క. చేను మనకు పంట ఒక్కటే ఇవ్వలేదు. ఏ వేళకు లేవాలో చెప్పింది. మార్కెట్లో పదిమందితో మాట్లాడించింది. "ఏం చేస్తున్నావు?" అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక జవాబు ఇచ్చింది. చేను పోయిననాడు ఇవన్నీ కలిసి పోతాయి. మొదటి మూడు నెలలు పండుగలా ఉంటుంది. బంధువుల ఇళ్లు, పెళ్లిళ్లు, కొత్త బండి. ఆ తర్వాత పొద్దు గడవదు. నిద్ర పట్టదు. చిన్న మాటకు కోపం వస్తుంది. "ఇంట్లో కూర్చుని అందరినీ సతాయిస్తున్నాడు" అని భార్య అంటుంది.

భార్య మాట వచ్చింది కాబట్టి అడుగుదాం. ఆమెకు విరమణ ఎప్పుడు? ఆయన పని మానేసిన రోజు నుండి ఆమెకు పని పెరుగుతుంది. మూడుసార్లు టీ, వేళ కాని వేళ భోజనం, వచ్చిపోయే స్నేహితులు. ఇద్దరూ కష్టపడి కూడబెట్టిన భూమి అయితే విశ్రాంతి కూడా ఇద్దరిదీ కావాలి. నీళ్లు పట్టడం, కూర తరగడం, ముసలి తల్లిని ఆసుపత్రికి తీసుకురావడం మగవారు చేస్తే చిన్నతనం కాదు.

రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు లేకపోవడం, ఆకలి నిద్ర చెడిపోవడం, బతుకు మీద విసుగు ఉంటే అది బద్ధకమో విశ్వాస లోపమో కాదు, చికిత్స ఉన్న జబ్బు. డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కుటుంబంలో ఎవరైనా చనిపోవాలని ఉందని అంటే తేలికగా తీసుకోకండి. వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

లేవీయుల మాట ఇక్కడ మనకు పనికివస్తుంది. జీతం కోసం చేసే బరువు దించిన మనిషి సహోదరులకు తోడుగా నిలబడవచ్చు. మిగిలిన పది గుంటలలో కూరగాయలు పెట్టవచ్చు. ఆసుపత్రికి ఒంటరిగా వచ్చిన ముసలివారికి ఫారం నింపి, లైనులో తోడుగా నిలబడవచ్చు. పాస్‌బుక్, బ్యాంకు కాగితాలు చదవలేని పక్కింటివారికి చదివి చెప్పవచ్చు. సండేస్కూలు పిల్లలకు మొక్క నాటడం నేర్పవచ్చు. పొలం పనులు పోయిన కూలి కుటుంబంలో ఒక ఆడపిల్ల కాలేజీ ఫీజుకు తోడ్పడవచ్చు. వీటిలో ఏ ఒక్కటైనా వారంలో మూడు రోజులు, ఒక నిర్ణీత వేళకు పెట్టుకోండి. వేళ లేని మంచి పని ఎక్కువ కాలం నిలవదు.

నిర్ణయానికి ముందు ఇంటిల్లిపాదీ కలిసి

బయానా తీసుకునే ముందు, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే ముందు భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు ఒక సాయంత్రం కలిసి కూర్చోండి. ఈ నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాయండి.

1. అన్ని ఖర్చులూ పోగా మిగిలే సొమ్ము మన ఏడాది ఖర్చుకు ఎన్ని రెట్లు?
2. పెద్ద జబ్బు వస్తే ఏ బీమా ఉంది? వీలునామా ఉందా?
3. వచ్చే సోమవారం ఉదయం ఆరు గంటలకు లేచి నేను ఎక్కడికి పోతాను?
4. నేను రాలేదని ఎవరు ఎదురుచూస్తారు?

మొదటి రెండింటికి జవాబు ఉండి చివరి రెండింటికి లేకపోతే మరికొంత కాలం ఆగండి, లేదా సగం పని మాత్రమే తగ్గించుకోండి. ఒకసారి అమ్మిన భూమి తిరిగి రాదు. చెడిన ఆరోగ్యం కూడా అంత సులువుగా తిరిగి రాదు.

దేవుడు మీకు చాలినంత ఇచ్చి ఉంటే ఆయనకు స్తోత్రం. ఆ ఇచ్చినదానితో పాటు మంచి ఆరోగ్యం, ఇంటిలో సమాధానం, చేతికి ఒక మంచి పని కూడా మీకు దయచేయాలని మా ప్రార్థన.